ఫిగర్ స్కేటింగ్ చేసే అబ్బాయిలకు హిప్ ప్యాడ్లు ఎంచుకోవడం ఎలా?

మా అబ్బాయి యాక్సెల్ జంప్ మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి భోజనం దగ్గర ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. ఏమైందిరా అంటే "ఏం లేదు నాన్నా" అన్నాడు. వాళ్ళమ్మ వదల్లేదు. చివరికి షార్ట్స్ కాస్త జరిపి చూపిస్తే కుడి తుంటి మీద అరచేయంత మచ్చ, వంకాయ రంగులో ఉంది. రెండు వారాలుగా రోజూ అదే చోట పడుతున్నాడట. తనతో నేర్చుకునే అమ్మాయిలు చాలామంది తుంటికి దెబ్బ తగలకుండా బట్టల లోపల ప్యాడ్లు వేసుకుంటారు. తను అడిగితే భయపడుతున్నాడని అనుకుంటారేమోనని మాకు చెప్పలేదు.

మర్నాడే ప్యాడ్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఫిగర్ స్కేటింగ్ కోసం అమ్మే ప్యాడెడ్ షార్ట్స్‌లో ఎక్కువ భాగం అమ్మాయిల ఒంటి కొలతలకు కుట్టినవే. అబ్బాయిలవి దొరికినా సైజులు తక్కువ. మేముండే టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల ఐస్ రింకుల్లో ఈమధ్య మన తెలుగు కుటుంబాల అబ్బాయిలు కనిపిస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న కూడా "ఏ ప్యాడ్ కొనాలండీ?" అనే. బ్రాండ్ పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి సరిపోదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే చోట పడరు. మందంగా ఉన్న ప్యాడ్ కంటే, మీ ఎముక మీద సరిగ్గా కూర్చుని పడే క్షణంలో కూడా అక్కడే ఉండే ప్యాడ్ మేలు. కింద చెప్పే అడుగులన్నీ దాన్ని పట్టుకోవడానికే.

ముందుగా, దెబ్బ ఎక్కడ తగులుతుంది?

టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్. ఈ ఆరు జంప్‌లూ మామూలుగా దిగేది ఒంటికాలి మీద, వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీద. గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు కుడికాలి మీద దిగుతారు. ఆ అంచు సరిగ్గా పట్టుకోకపోతే కాలు కిందనుంచి జారిపోతుంది, శరీరం పక్కకు మంచు మీద పడుతుంది. అప్పుడు నేలకు తగిలేది తుంటి పక్కన ఉబ్బెత్తుగా చేతికి తగిలే ఎముక. అది తొడ ఎముక పైకొన. దాని మీద కండ పలుచన. సన్నగా ఉండే మగపిల్లల్లో కొవ్వు కూడా అంతగా ఉండదు కాబట్టి చర్మానికీ ఎముకకూ మధ్య దెబ్బ తీసుకునేది ఏమీ లేనట్టే.

పైగా మగవాళ్ళ పోటీలు ఇప్పుడు నాలుగు చుట్ల జంప్‌ల మీద నడుస్తున్నాయి. 1988లో బుడాపెస్ట్‌లో కెనడా స్కేటర్ కర్ట్ బ్రౌనింగ్ మొదటి క్వాడ్, అంటే నాలుగు చుట్ల, టో లూప్ చేశాడు. 2022లో లేక్ ప్లాసిడ్‌లో అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ క్వాడ్ యాక్సెల్ కూడా దించాడు. ఆ యాక్సెల్ అంటే గాల్లో నాలుగున్నర చుట్లు, అదీ సెకను కూడా పట్టకుండా. మన పిల్లలు అంతదూరం వెళ్ళినా వెళ్ళకపోయినా, సింగిల్ నుంచి డబుల్‌కు, డబుల్ నుంచి ట్రిపుల్‌కు మారే ప్రతిసారీ కొన్ని నెలలపాటు పడటమే పని. ప్యాడ్ అవసరం ఆ నెలల్లోనే ఎక్కువ.

1. వారం రోజులు మచ్చలు చూడండి

కొనడానికి ముందు ఒక వారం ఆగండి. తెల్లకాగితం మీద మనిషి నడుము నుంచి మోకాళ్ళ దాకా బొమ్మ గీయండి, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. ప్రాక్టీస్ అయిన ప్రతిరోజూ ఎక్కడ నొప్పి ఉంది, ఎక్కడ కమిలింది అన్నది అబ్బాయి చేతనే గుర్తు పెట్టించండి. పెద్దవాళ్ళయితే మీరే పెట్టుకోండి. కోచ్ ఒప్పుకుంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి పడే తీరు చూడండి.

వారం తర్వాత ఆ కాగితమే దారి చెబుతుంది. మచ్చలన్నీ ఒకే తుంటి పక్కన ఉంటే అబ్బాయి జంప్‌ల దగ్గర పడుతున్నాడు, పక్క ప్యాడ్ ముఖ్యం. వెన్నెముక చివర, కూర్చునే చోట నొప్పి అంటే వెనక్కి పడుతున్నాడు. పెద్దయ్యాక నేర్చుకునే మగవాళ్ళలోనూ, స్పిన్‌లు కొత్తగా చేస్తున్నవాళ్ళలోనూ నేను ఎక్కువగా చూసింది ఇదే. వాళ్ళకు టెయిల్‌బోన్ ప్యాడ్ లేని షార్ట్స్ ఎంత ఖరీదైనా పనికిరాదు. బెల్టు పెట్టుకునే చోట కాస్త కింద, ముందుకు పొడుచుకొచ్చే నడుము ఎముక అంచు కమిలితే, ప్యాడ్ ఆ ఎత్తుదాకా రావాలి. చాలా ప్యాడ్లు అక్కడిదాకా రావు. ఆ ఎముక అంచు కమిలితే ప్రతి అడుగుకూ, దగ్గినా తుమ్మినా పొడుస్తుంది, అందుకే తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

ఒకవైపే పడే అబ్బాయికి రెండువైపులా ప్యాడ్ ఎందుకు అని కొందరు ఒకటి తీసేస్తారు. తీయొచ్చు. కొత్త జంప్ మొదలుపెట్టినప్పుడు మాత్రం పడే వైపు మారొచ్చు, అప్పుడు రెండోదీ పెట్టండి.

2. ఎముకను వెతికి పట్టుకోండి

నిలబడి అరచేతిని తుంటి పక్కన ఆనించండి. మడమ నేల మీదే ఉంచి కాలి వేళ్ళను లోపలికీ బయటికీ తిప్పండి. చేతి కింద ఒక గట్టి ముడి అటూ ఇటూ కదులుతుంది. అదే మనం కాపాడాల్సిన ఎముక. స్కెచ్ పెన్‌తో అక్కడ ఒక చుక్క పెట్టండి. ప్యాడ్ నడిమధ్య ఆ చుక్క మీద పడాలి, చుట్టూ కనీసం రెండు మూడు వేళ్ళ వెడల్పు మిగలాలి.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది ఆ ఎముక బెల్టు దగ్గరే ఉంటుందనుకుంటారు. నిజానికి అది జానెడు దాకా కిందే ఉంటుంది. అమ్మాయిల కోసం కుట్టిన షార్ట్స్‌లో నడుముకూ తుంటికీ తేడా ఎక్కువ వదులుతారు. అదే షార్ట్స్ అబ్బాయి వేసుకుంటే తుంటి దగ్గర బట్ట వదులవుతుంది, తొడ దగ్గర బిగుస్తుంది. అప్పుడు ప్యాడ్ వెనక్కో కిందికో పోతుంది.

తర్వాత టేపుతో మూడు కొలతలు తీసుకోండి: నడుము, తుంటి అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోటు, తొడ పైభాగం. సైజు పట్టికలో మూడూ ఒకే వరుసలో రాకపోతే తుంటి కొలతనే నమ్మండి. స్కేటర్లకు తొడలు లావుగా ఉంటాయి కాబట్టి తొడ దగ్గర రక్తం ఆగిపోయేంత బిగుతు కాకుండా చూసుకుంటే చాలు.

మనలో చాలామందికి ఒక అలవాటుంది. "పెరిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం, వచ్చే ఏడాది కూడా వస్తుంది." నేనూ అదే చేశాను. మొదటి షార్ట్స్ ఒక సైజు పెద్దవి కొన్నాను. రెండో రోజే లట్జ్ మీద పడినప్పుడు ప్యాడ్ తొడ మీదికి జారిపోయింది, ఎముక నేరుగా మంచుకు తగిలింది. పాత మచ్చ మీదే కొత్త దెబ్బ. చొక్కా పెద్దది కొన్నా ఫరవాలేదు, ప్యాడ్ మాత్రం ఈ రోజు ఒంటికి ఈ రోజు సరిపోవాలి.

3. లోపల ఏముందో తెలుసుకోండి

క్రికెట్‌లో బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం. ఆగడానికి ఎక్కువ దూరం, ఎక్కువ సమయం దొరికితే చేతికి తగిలే బలం తగ్గుతుంది. ప్యాడ్ చేసేదీ అదే, కాకపోతే దాని చేతిలో ఉన్నది కొన్ని మిల్లీమీటర్లే. ఆ కొన్ని మిల్లీమీటర్లను ఎంత బాగా వాడుకుంటుందన్నదే పదార్థాల మధ్య తేడా.

మామూలు ఈవీఏ ఫోమ్ తేలికగా ఉంటుంది, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. వాడగా వాడగా అణిగిపోవడమే దాని లోపం. వేలితో గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. కొత్తదే అయినా మెల్లగా పూడుతుంటే కొనొద్దు.

రెండో రకం, నెమ్మదిగా వంచితే మెత్తగా ఉండి గట్టి దెబ్బ తగిలిన క్షణంలో బిగుసుకునేవి. డీ3ఓ ఈ రకంలోదే. 1999లో బ్రిటన్‌లో మొదలైన ఈ కంపెనీ పదార్థానికి 2006 టురిన్ వింటర్ ఒలింపిక్స్‌లో స్కీ రేసర్ల సూట్లలో వాడటంతో పేరొచ్చింది. తరచుగా నారింజ రంగులో కనిపిస్తుంది. రోజర్స్ కార్పొరేషన్ తయారుచేసే పోరాన్ ఎక్స్‌ఆర్‌డీ కూడా దెబ్బ వేగాన్ని బట్టి గట్టిపడే ఫోమే. పలుచగా ఉండి బాగా పనిచేస్తాయి కాబట్టి జంప్‌లు చేసేవాళ్ళకు నేను చెప్పేది ఇలాంటివే. ఖరీదు ఎక్కువ, నిజమే. కానీ కాళ్ళు దగ్గరగా బిగించి గాల్లో తిరగాల్సిన పిల్లాడికి తుంటి పక్కన రెండు దిండ్లు కట్టినట్టుంటే జంప్ తీరే మారిపోతుంది.

జెల్ ప్యాడ్లు చేతికి హాయిగా అనిపిస్తాయి. బరువెక్కువ, చలికి చల్లబడతాయి. వెనక్కి పడే పెద్దవాళ్ళకు టెయిల్‌బోన్ దగ్గర ఫరవాలేదు.

ఇక గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్నవి. దెబ్బను చుట్టుపక్కల కండలకు మళ్ళించడం వాటి పద్ధతి. సూత్రం మంచిదే, కానీ మంచు మీద ప్లాస్టిక్ జారుతుంది, అంచులు గుచ్చుకుంటాయి. జంప్‌లకు వద్దంటాను.

మందం విషయంలో నేను పాటించే లెక్క ఇది: ఇంకా నిలదొక్కుకుంటున్నవాళ్ళకు, మొదటి స్పిన్‌లు చేసేవాళ్ళకు 15 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. డబుల్ జంప్‌లు దాటినవాళ్ళకు మంచి పదార్థంలో 6 నుంచి 10 మిల్లీమీటర్లు. రింకుల్లో చూసి, వాడి నేర్చుకున్న కొలత ఇది. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు బైక్ రైడింగ్ ప్యాంట్లలో తుంటి దగ్గర పెట్టే ప్యాడ్లు, అంటే హిప్ ఆర్మర్, కొని వాడొచ్చా అని అడుగుతుంటారు. వాటి మీద ఈఎన్ 1621-1 అని ఉంటుంది. ఇది ఐరోపా ప్రమాణం. 50 జౌళ్ళ శక్తితో దెబ్బ కొట్టి అవతలికి ఎంత బలం చేరిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవల్ 1, 20 దాటకపోతే లెవల్ 2. ఏ ముద్రా లేని ఫోమ్ ముక్క కంటే ఇది నమ్మదగిందే. కొంచెం పెద్దది, బిరుసుగా ఉంటుంది. మెత్తగా వంగే లెవల్ 2 రకం చూసి తీసుకుంటే నేర్చుకునే దశలో పని నడుస్తుంది.

4. అబ్బాయిల ఒంటికి సరిపోయే షార్ట్స్

ప్యాడ్ కుట్టేసి వచ్చే షార్ట్స్ ఒక రకం, జేబుల్లో ప్యాడ్ పెట్టుకునేవి ఇంకో రకం. నేనైతే రెండోదే కొనమంటాను. ఉతకడం తేలిక, ప్యాడ్ మార్చుకోవచ్చు, అబ్బాయి పెరిగితే షార్ట్స్ మాత్రం మారిస్తే చాలు.

ముందు భాగం గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి, ఎందుకంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అమ్మాయిల షార్ట్స్‌లో ముందు బట్ట చదునుగా ఉంటుంది. అబ్బాయి వేసుకుంటే నొక్కుకుంటుంది, సిట్ స్పిన్‌లో కూర్చున్నప్పుడు ఇంకా ఎక్కువ. కాసేపట్లో చిరాకుపడి తీసేస్తాడు, రేపట్నుంచి వేసుకోడు. మగవాళ్ళ కోసం కుట్టిన, ముందు కాస్త చోటు వదిలిన, ఒంటిని బిగుతుగా పట్టుకునే కంప్రెషన్ షార్ట్సే తీసుకోండి. లోపల వదులు బాక్సర్లు వద్దు, ముడతలు పడి ఒరుసుకుంటాయి. బిగుతుగా, చెమట పీల్చి త్వరగా ఆరే బ్రీఫ్ కానీ, డాన్సర్లు లోదుస్తుగా వాడే డాన్స్ బెల్ట్ కానీ వేసుకుని, దాని మీద ప్యాడ్ షార్ట్స్, ఆపైన స్కేటింగ్ ప్యాంటు.

సరైన షార్ట్స్ దొరకకపోతే కుట్టించుకోండి. చివరికి మేమూ అదే చేశాం, నాకు బాగా నచ్చిన దారి కూడా ఇదే. మగవాళ్ళ కంప్రెషన్ షార్ట్స్ ఒకటి కొని, అబ్బాయికి తొడిగి, ఎముక మీద చుక్క ఉన్న చోట బట్ట మీద సుద్దతో గుర్తు పెట్టాలి. ఒంటి మీద ఉన్నప్పుడే గుర్తు పెట్టాలి. మంచం మీద పరిచి పెడితే, తొడుక్కున్నాక బట్ట సాగి గుర్తు పక్కకు పోతుంది. అలాంటి సాగే బట్టతోనే, ప్యాడ్ కంటే కొంచెం చిన్నగా జేబు కుట్టించండి. అప్పుడే ప్యాడ్ లోపల కదలదు. జేబు నోరు పైవైపు ఉండాలి, మీద ఒక మడత కప్పాలి. టైలర్‌కు జిగ్‌జాగ్ కుట్టు వేయమని తప్పకుండా చెప్పండి. నేరు కుట్టు వేస్తే బట్ట సాగిన మొదటిసారే దారం తెగుతుంది. అమీర్‌పేటలోనో విశాఖలోనో జిమ్ బట్టలు కుట్టే టైలర్ ఎవరైనా ఈ పని చేయగలరు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మేం రెండు జతలు కుట్టించుకొచ్చాం.

5. ఇంట్లో తొడిగి చూడండి

ట్యాగ్ తీయకముందే ప్యాంటుతో సహా వేయించి చూడండి. గొంతుకూర్చుని లేవాలి. ఒక కాలు ముందుకు చాచి ఒంటికాలి మీద కూర్చోవాలి. ఒక కాలు వెనక్కి నడుము ఎత్తుకు లేపాలి. గాల్లో తిరిగేటప్పుడు ఉన్నట్టు కాళ్ళు పెనవేసి, చేతులు ఛాతీకి బిగించి నిలబడాలి. పదిసార్లు గెంతాలి. తర్వాత చుక్క దగ్గర వేలితో నొక్కి చూడండి, ప్యాడ్ నడిమధ్యే ఉందా? వేలెడు జరిగినా ఆ షార్ట్స్ వద్దు.

కార్పెట్ మీద పడి పరీక్షించే పని మాత్రం చేయనివ్వకండి. ప్యాడ్‌ను బల్ల మీద పెట్టి పిడికిలితో గుద్దితే చాలు. పిడికిలికి బల్ల తెలిసిందంటే తుంటికి మంచు తెలుస్తుంది.

6. మంచు మీద మొదటి వారం

కొత్త ప్యాడ్‌తో మొదటి రోజే కష్టమైన జంప్ వద్దు. క్రాసోవర్లు (ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేస్తూ వంపు తిరగడం), స్పిన్‌లు, సింగిల్ జంప్‌లు చేయించండి. శరీరం వెడల్పు కాస్త మారింది కాబట్టి తిరిగే వేగం, చేతులు బిగించే తీరు కొంచెం తేడాగా తోస్తాయి. రెండు మూడు సెషన్లలో అలవాటవుతుంది. వారం దాటినా జంప్ సరిగ్గా రావడం లేదంటే ప్యాడ్ మందమెక్కువ, పలుచనిదానికి మారండి. ప్యాడ్ వేసుకున్న సంగతి కోచ్‌కు ముందే చెప్పండి. లేకపోతే జంప్‌లో తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియక వాళ్ళూ టెన్షన్ పడతారు.

పోటీల్లో మగవాళ్ళు ప్యాంటు వేసుకోవాలన్నది నియమం. ఒకరకంగా మన అబ్బాయిలకు అది కలిసొచ్చేదే, పలుచని ప్యాడ్ ముదురు రంగు ప్యాంటు కింద కనిపించదు. అయినా చాలామంది పోటీ రోజు ప్యాడ్ తీసేస్తారు. అలా తీసే ఉద్దేశం ఉంటే పోటీకి పది రోజుల ముందు నుంచే, పోటీలో చేసేదంతా మొదటినుంచి చివరిదాకా చేసే ప్రోగ్రాం రన్‌లు ప్యాడ్ లేకుండా చేయించండి, జంప్‌లు విడిగా నేర్చుకునే గంటలో మాత్రం ఉంచండి. పోటీనాడే మొదటిసారి తీస్తే ఒళ్ళు కొత్తగా ఉంటుంది.

చక్రాల మీద స్కేటింగ్ చేసేవాళ్ళకు

తెలుగు రాష్ట్రాల్లో ఐస్ రింకు దొరకడం కష్టం కానీ రోలర్ స్కేటింగ్‌కు మంచి చరిత్ర ఉంది. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అందుకున్నాడు. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ ఇవే జంప్‌లు, ఇదే తుంటి. ఒక తేడా ఉంది. మంచు మీద పడితే శరీరం జారుతుంది, దెబ్బలో కొంత ఆ జారుడులో పోతుంది. సిమెంటు మీద జారదు, పడిన చోటే ఆగుతుంది, చర్మం కూడా గీరుకుపోతుంది. కాబట్టి ప్యాడ్ ఒక మెట్టు మందంగా, షార్ట్స్ పైబట్ట గట్టిగా ఉండాలి.

ప్యాడ్ చేయలేనివి

తుంటి ప్యాడ్ తలను, మణికట్టును కాపాడదు. పడటం నేర్చుకోవడానికి బదులు కూడా కాదు. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు నేలకు ఆనించకుండా, మోకాళ్ళు వంచి పక్కకు ఒరగడం మొదటి క్లాసుల్లో నేర్పిస్తారు, దాన్ని మర్చిపోనివ్వకండి.

పడిన తర్వాత ఆ కాలి మీద బరువు వేయలేకపోతే, గజ్జల్లో లోతుగా నొప్పి ఉంటే, కాలు తిమ్మిరెక్కితే, దెబ్బ తగిలిన చోట నీళ్ళ సంచిలా మెత్తగా ఊగే వాపు వస్తే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కు చూపించండి. ఎదిగే పిల్లల్లో నడుము ఎముక అంచులు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. "కమిలింది, అదే పోతుంది" అనుకుని వారాల తరబడి నొప్పితో జంప్‌లు చేయించవద్దు.

ఉతకడం, మార్చడం

ప్రాక్టీస్ నుంచి రాగానే ప్యాడ్లు జేబుల్లోంచి తీసి విడిగా ఆరబెట్టండి. కరిగిన మంచు, చెమట కలిసి బ్యాగులో మగ్గితే వాసనే కాదు, తొడల మీద దురద కూడా వస్తుంది. షార్ట్స్ చేత్తో ఉతకండి. ప్యాడ్లను తడిగుడ్డతో తుడిస్తే చాలు. డ్రయ్యర్‌లో వేయొద్దు, కారు వెనక సీటు మీద ఎండలో వదలొద్దు, టెక్సాస్ ఎండకు ఫోమ్ వంకర పోయింది మాకు.

నెలకోసారి వేలితో నొక్కి చూడండి, గుంట పూడటం నెమ్మదించిన రోజు మార్చండి. మూడు నెలలకోసారి అబ్బాయిని నిలబెట్టి చుక్క మళ్ళీ పెట్టండి, ఎదుగుతున్న వయసులో ఎముక ఎత్తు మీ కళ్ళముందే మారుతుంది. అణిగిపోయిన ప్యాడ్‌ను బాగానే ఉంది కదా అని తమ్ముడికి ఇవ్వకండి. షార్ట్స్ సరిపోతే ఇవ్వొచ్చు, లోపలి ప్యాడ్లు మాత్రం కొత్తవి వేసి ఇవ్వండి.